సమస్య: చెవులు సాగి నటుడు సిరుల నందె

జడ్చర్ల (నిర్వాహకుడు): అందరికి నమస్కారం. రాత్రి మా పిల్లగాడు స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష సీరియల్ పాత ఎపిసోడ్ పెట్టుకుంటే నేను అన్నం తినుకుంట చూసిన, అండ్ల వల్కన్ గ్రహపోడు స్పాక్ మొన చెవులు కనబడంగనే ఈ పాదం దానంతటదే వచ్చి కూసున్నది, చెయ్యి కడుక్కోకముందే ఫోన్ల రాసుకున్న. నటుడు లెనార్డ్ నిమోయ్ ఆ ఒక్క వేషం 1964ల తీసిన మొదటి పైలట్ (నమూనా ఎపిసోడ్) కాడికెల్లి 2013 సినిమా దాక వేసిండు. ఇది ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలె. ఆయన మీదనే రాయాలని లేదు గని, రాస్తే నాకు సంతోషం.

పిల్లలమర్రి:
చాల యేండ్లు తెరను స్పాకు వేషము దాల్చి
నవ్వులేని మొగము నయము జూప
రబ్బరైన జోడె రాజ్యము దెచ్చెరా
చెవులు సాగి నటుడు సిరుల నందె

జడ్చర్ల: అక్కా, మూడో పాదం మస్తున్నది. రబ్బరు చెవులు, రాజ్యం!

పానగల్లు: పూరణ బాగున్నది మేడం, కాదనను. కాని "తెరను" తర్వాత "స్పా" వచ్చింది కదా, "ను" గురువు (బరువు అక్షరం) అయితది, మూడో గణం (అక్షరాల కట్టు) పోయినట్టే. చూసుకోండి.

పిల్లలమర్రి: ఎట్ల పోతది సార్? "తెరను" తెలుగు మాట, "స్పాకు" వేరే మాట, నడుమ సమాసం లేదు, ఊనిక యాడికెల్లి వస్తది? పోయిన బతుకమ్మ సమస్యకు మీరు "నంది"కి "తంగేడు" యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత) పెట్టి, తంగేడు ముందు సున్న లేకపోయినా బిందుయతి (సున్న తర్వాతి అక్షరంతోని కుదిరే యతి) అని రెండు రోజులు వాదించిండ్రు, మేమేమన్న అన్నమా?

పానగల్లు: అది అప్పుడే ఒప్పుకున్న మేడం, మళ్ల తవ్వుడెందుకు. ఇగో నాది.
కొనలు జూచి జనుల గుండె లదరునంచు
బొమ్మలోన వాని బోవ దుడిచి
జడిసి రపుడు పిదప జగమె మెచ్చెను జూడ
చెవులు సాగి నటుడు సిరుల నందె
ఇది జరిగిన ముచ్చటనే. 1966ల సీరియల్ మొదలైతున్నప్పుడు ఎన్బీసీ టీవీ వాళ్లకు ఆ మొన చెవులు, పైకి లేచిన కనుబొమలు చూస్తే సైతాను లెక్క కనబడుతడని భయమైంది, అమ్మకాల కోసం వేసిన పుస్తకంల ఫోటో మీద చెవుల కొనలు తుడిచేసి మామూలు మనిషిని చేసి పంపిండ్రు. తీరా చూస్తే జనానికి అందరికంటె ఎక్కువ నచ్చింది ఆ చెవులాయననే.

డిండి: సార్, రెండో పాదంల "బోవ దుడిచి" అన్నకాడ నాకు చప్పట్లు కొట్టబుద్ధైంది. వాళ్లు తుడిచిన చెవులనే మీరు తెచ్చి నాలుగో పాదంల పెట్టిండ్రు.

పిల్లలమర్రి: నేను కూడ మెచ్చుకుంటున్న. బతుకమ్మ ముచ్చట ఇక తియ్యను.

మిర్యాల: కొత్తగ వచ్చిన, తప్పులుంటే చెప్పుండ్రి.
వల్కనుండు దిగెను వైభవమొప్పగా
నేల మీద నిలిచె నిమోయి యగుచు
నాలుగైదు పదుల నటనమ్ము సాగగా
చెవులు సాగి నటుడు సిరుల నందె

పానగల్లు: తమ్మీ, రెండో పాదం నాలుగో గణం. "నిమోయి" జగణం (లఘువు, గురువు, లఘువు). ఆటవెలదిల అది గణంగ ఇమడదు.

మిర్యాల: పేరు రావాలని మొండికేసిన సార్. సగం దినం కుస్తీ పట్టిన.

జడ్చర్ల: పేరు పద్యంల లేకున్నా పైన ఉన్నది తమ్మీ. 4864 నెంబరు గ్రహశకలానికి 2015ల నిమోయ్ అని పేరు పెట్టిండ్రు, ఆయన చనిపోయింది కూడ అదే ఏడు, ఫిబ్రవరి 27 నాడు. "నేడు గూడ నిలిచె నింగిలోన" అను, యతి చెల్లుతది, గణం కుదురుతది.

డిండి: నాకు అసలు సమస్యలనే ఒక మాట ముల్లు లెక్క గుచ్చుతున్నది. స్పాక్ చెవులు సాగలే, మొనదేలినయి. సాగుడంటే బరువు కమ్మలు పెట్టిన మా నాయనమ్మ చెవితమ్మెలు, బుద్ధుని బొమ్మల చెవులు. ముగ్గురూ మొనకు సాగుడని రాసిండ్రు. నేను ఆ చెవులు ఆయనవి కావన్నట్టు రాసిన.
తనకు తర్కమొకటె దైవమనుచు జెప్పు
స్పాకు జూడ జనులు చాల గూడి
మెల్లనైన పలుకు మిగుల వినగ వారి
చెవులు సాగి నటుడు సిరుల నందె

జడ్చర్ల: అబ్బ! చెవులు చూసేటోళ్లవి! పాదం ఇచ్చిన నాకే తట్టలే.

పానగల్లు: విరుపు గొప్పగున్నది, ఒప్పుకుంటున్న. కాని సాగినయి జనం చెవులు, అందుకున్నది నటుడు. "సాగి" లాంటి క్త్వార్థకానికి ఇద్దరు కర్తలెట్ల?

డిండి: వానలు పడి డిండి నిండింది అంటం కద సార్. పడ్డది వాన, నిండింది చెరువు.

పానగల్లు: … సరే. ఇది నిలబడ్డది.

పిల్లలమర్రి: డిండీ, "మెల్లనైన పలుకు" అన్నవు చూడు, ఆయన నటనంత ఆడనే ఉన్నది. గొంతు లేపడు, కన్ను ఎగరేస్తడు అంతే. ఒక ఎపిసోడ్‌ల స్పాక్ తుపాకి మడమతోని కొట్టాలె అని రాసి ఉంటే, వల్కనోడు అట్ల కొట్టడని మెడ, భుజం కలిసేకాడ వేళ్లతోని నొక్కే ఉపాయం చెప్పింది ఆయననే. నాలుగు వేళ్లు రెండు రెండుగ విడదీసి దండం పెట్టుడు కూడ ఆయన తెచ్చిందే, చిన్నప్పుడు బోస్టన్‌ల యూదుల గుడికి పోతే పూజారులు దీవించేటప్పుడు చూడొద్దంటరట, ఈయన దొంగచాటుగ చూసిండట, ఆ చెయ్యే అది.

మిర్యాల: అక్కా, మరి ఆయన నేను స్పాక్‌ను కాను అని పుస్తకం రాసిండు కదా, 1975ల?

పిల్లలమర్రి: రాసిండు, చానమంది నొచ్చుకున్నరు. ఇరవై ఏండ్లకు, 1995ల, నేను స్పాక్‌ను అని ఇంకోటి రాసిండు.

డిండి: ఈ ముచ్చట నాకు బాగ తెలుసు, ఎందుకంటే మా ఇంట్లనే చూసిన. మా తాత భాగోతంల దుర్యోధనుడు. పొనికి కట్టె కిరీటం, భుజకీర్తులు, అర్దళం పూసుకునేటందుకే సందెకాడ కూసుంటే చీకటి పడేది. భుజకీర్తుల తాడు ఒరిసి ఒరిసి రెండు భుజాల మీద నల్లగ గీత పడ్డది, బనీను వేసుకున్నా కనబడేది. ఊర్ల పేరు పెట్టి ఎవ్వరు పిలిచెటోళ్లు కాదు, దుర్యోధనుడొచ్చిండు, దుర్యోధనునికి చాయ పొయ్యి అనేటోళ్లు. నడీడు దాక ఆయనకు చాన కోపం, నాకు అమ్మ అయ్య పెట్టిన పేరు లేదా అని కయ్యం పెట్టుకునేటోడు. ముసలిగైనంక ఎవరన్న అసలు పేరుతోని పిలిస్తే పలికెటోడే కాదు. పోయిననాడు ఊరంత దుర్యోధనుడు పోయిండు అని ఏడ్చిండ్రు, మా నాయనమ్మ కూడ అదే అన్నది.

జడ్చర్ల: డిండీ, ఈ తాతను పద్యంల పెట్టు బిడ్డా.

డిండి: పెడ్త అన్న. ఈసారి సమస్యగ "భుజము గీత" ఏదన్న ఇయ్యి.

పానగల్లు: నిమోయ్ నాయన బోస్టన్‌ల మంగలి దుకాణం నడిపెటోడు. ఆ దుకాణానికి వచ్చినోళ్లు మీ కొడుకు తెర మీద ఉన్నట్టు కత్తిరించమని అడిగెటోళ్లట. డిండి రాసింది చదివితే అది యాదికొచ్చింది. దాని మీద నేను రాస్త, రేపటి దాక టైం ఇయ్యండి.

మిర్యాల: సవరించిన, చూడుండ్రి.
వల్కనుండు దిగెను వైభవమొప్పగా
నేడు గూడ నిలిచె నింగిలోన
ఏబదేండ్ల దాక యిదె వేషమాయెరా
చెవులు సాగి నటుడు సిరుల నందె

పిల్లలమర్రి: ఏ–యి యతి చెల్లింది. "నాలుగైదు పదులు" తీసేసి మంచిపని చేసినవు, ఏం పదులో తెలిసేది కాదు.

పానగల్లు: 1964 నుంచి 2013కు 49 ఏండ్లే కద తమ్మీ?

మిర్యాల: అందుకనే "దాక" అన్న సార్.