నాన్న కట్టించిన ఇంట్లో పాత ఫ్యూజు బోర్డు: ఎంసీబీ బాక్సు పెట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న:
ఇల్లు కట్టి నలభై ఏళ్లు దాటింది. మెయిన్ బోర్డు ఇప్పటికీ చెక్కదే, దాని మీద ఆరు పింగాణీ ఫ్యూజులు. వైరింగ్ చెక్క పట్టీల మీద క్లిప్పులతో బిగించింది, తీగ అల్యూమినియం. అమ్మ ఒక్కతే ఉంటోంది. గీజర్, ఏసీ కలిపి వేస్తే ఫ్యూజు పోయేది. పోయిన నెల ఎవరినో పిలిస్తే ఫ్యూజు తీగ రెండు పోగులు మెలేసి కట్టి వెళ్లాడు. అప్పటి నుంచి పోవడం లేదు. కానీ నిన్న చూస్తే ఆ ఫ్యూజు చుట్టూ చెక్క నల్లబడి ఉంది, చేయి పెడితే వెచ్చగా తగిలింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఎలక్ట్రీషియన్ ఒకరు ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) బాక్సు పెడితే చాలంటున్నారు, ఇంకొకరు వైరింగంతా పీకేయాలంటున్నారు. ఏది ముందు?

జవాబు 1:
ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ముందు మెయిన్ ఆపించి ఆ రెండు పోగుల తీగ ఇవాళే తీయించండి. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. అది పోవడం మానేసిందంటే ఆ వేడి ఇప్పుడు గోడ మీది వైరు మోస్తోంది.

230 వోల్టుల మీద 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ దానికి తోడు. రెండూ ఒకే పాత లైన్ మీద వద్దు, చెరో కొత్త లైన్ లాగించండి. ఎంసీబీ కూడా వైరును బట్టే: మామూలుగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 10 ఆంపియర్లు, 2.5కి 16. మీది అల్యూమినియం కాబట్టి ఇంకా తక్కువే. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని 32 పెడతామంటే ఒప్పుకోవద్దు.

వైరింగంతా పీకాలా అన్నది మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) పెట్టి చూస్తే తెలుస్తుంది. బల్బులు, టీవీ అన్నీ తీసేసి 500 వోల్టులతో లైన్ లైన్‌కీ చూడమనండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వచ్చిన లైన్‌ను ఉంచొద్దు.

జవాబు 2:
30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పకుండా పెట్టించండి, పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారు కదా. మా ఇంట్లో పెట్టాక వారం రోజులు ఊరికే పడిపోయేది. తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. వెతికితే రెండు లైన్ల న్యూట్రళ్లు పాత జంక్షన్ బాక్సులో కలిపి ముడేసి ఉన్నాయి. ఒక లైన్ ఆర్‌సీసీబీ కింద ఉంది, రెండోది లేదు. వెళ్లిన కరెంటు ఆ దారిన తిరిగి రాకపోతే లీకేజీ అనుకుని ఆపేస్తుంది. విడదీశాక మళ్లీ పడలేదు. ఓవర్‌లోడ్‌ను మాత్రం ఇది పట్టుకోదు, ఎంసీబీలు వేరే ఉండాల్సిందే. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

ప్రశ్న అడిగినవారు:
ఆ తీగ ఆ సాయంత్రమే తీయించాను. గీజర్ వేసినప్పుడు ఏసీ వేయొద్దని అమ్మకు చెప్పాను. నిన్న మెగ్గర్ పెట్టించాం. నాలుగు లైన్లు బాగానే ఉన్నాయి. వంటగది లైన్ 0.3 మెగాఓమ్, అమ్మ గదిది అంతకన్నా తక్కువ. ఆ గదిలో పట్టీ విప్పితే వంపు దగ్గర ఇన్సులేషన్ పెళుసై రాలిపోయింది. సరిగ్గా అమ్మ మంచం తల వైపు. సాకెట్లు టూ పిన్‌వి, ఎర్త్ తీగే లేదు.

సోమవారం ఆ రెండు లైన్లూ రాగితో కొత్తగా, ఎర్త్‌తో సహా వేస్తున్నారు. గీజర్‌కు, ఏసీకి విడి లైన్లు. చెక్క బోర్డు తీసి ఇనుప బాక్సు, ఆర్‌సీసీబీ ఆ మర్నాడు. పని అయ్యేదాకా అమ్మ హాల్లో పడుకుంటుంది.