ఆన్‌లైన్ ఫారం సగంలో వదిలేసి జనం కౌంటరుకే వస్తున్నారు, ఏం చెయ్యాలి?

రుషికొండ డెవలపర్:
అందరికీ నమస్కారం. మాది చిన్న కంపెనీ. ఒక ప్రభుత్వ ఆఫీసుకి కొత్త కొళాయి కనెక్షన్ దరఖాస్తు ఫారం చేసిచ్చాం. తెలుగులోనే ఉంది, ఫోన్లో బాగానే తెరుచుకుంటుంది. అయినా చాలామంది రెండో పేజీ దాటట్లేదు. ఆఫీసువాళ్లేమో "ఓ యాప్ చేసెయ్యండి" అంటున్నారు. యాప్‌తో తీరే సమస్యలా నాకు అనిపించట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక వార్డు ఉద్యోగిని:
యాప్ మాట మర్చిపోండి. ఇంటికి ఒక్కసారి వేయించుకునే కొళాయి కోసం యాప్ ఎవరు దింపుకుంటారు? రెండో పేజీలో ఏం అడుగుతున్నారో ముందు అది చెప్పండి.

రుషికొండ డెవలపర్:
పేరు, ఇంటిపేరు, ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు, ఆధార్ ఓటీపీ, పన్ను రసీదు ఫోటో. ఫోటో 1 ఎంబీ దాటకూడదు.

గాజువాక వార్డు ఉద్యోగిని:
తిరకాసంతా అక్కడే ఉంది. ఆ ఫారం నింపేది ఎవరనుకుంటున్నారు? ఇంటాయన కాదండీ. కొడుకో, పక్కింటి కాలేజీ పిల్లో, నెట్ సెంటరు కుర్రాడో. ఎవరూ దొరక్కపోతే మేము. వార్డు సచివాలయాలు 2019లో మొదలైనప్పటి నుంచి మాకిది రోజూ ఉండేదే. ఆధార్‌కి లింకైన నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. పెద్దావిడ మా ఎదురుగా కూర్చుని ఫోన్ చేస్తుంది, అతను డ్యూటీలో ఉండి ఎత్తడు. ఎత్తేసరికి ఓటీపీ టైమ్ అయిపోయి పేజీ మొదటికొస్తుంది, నింపినదంతా పోతుంది. మళ్లీ నింపే ఓపిక ఎవరికుంది? నింపినంతవరకూ సేవ్ అయ్యేలా చూడండి, ఓటీపీ చివర్లో అడగండి. "మీకోసమా, వేరొకరి తరఫునా" అని ఒక ప్రశ్న పెట్టండి.

ఇంకోటి, పేరుకీ ఇంటిపేరుకీ రెండు గడులు వద్దు. ఆధార్‌లో కొందరికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పొడి అక్షరమే ఉంటుంది. ఒకే గడి ఇచ్చి "ఆధార్‌లో ఉన్నట్టే రాయండి" అంటే సరిపోతుంది.

మర్రిపాలెం డిజైనర్:
మేడం చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అసెస్‌మెంట్ నంబరు గడి కింద రసీదు బొమ్మ పెట్టి, నంబరు ఎక్కడుంటుందో ఎర్ర గీతతో చుట్టి చూపించు గురూ. ఫోటో సైజు తగ్గించడం జనం పని కాదు, నీ కోడ్ పని. ఇప్పటి ఫోన్ కెమెరా ఫోటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటోంది.

బ్రిటన్ ప్రభుత్వం 2012లో రాసుకున్న డిజైన్ సూత్రాల్లో మొట్టమొదటిది వాడేవాళ్ల అవసరంతో మొదలుపెట్టమనే. మన దగ్గరా ప్రభుత్వ వెబ్‌సైట్లకి 2009 నుంచి మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. అవి చదువు, కాకపోతే చదివి ఊరుకోకు. ఏ పూర్ణా మార్కెట్ వైపో వెళ్లి ఓ ఐదుగురి చేతికి ఫోనిచ్చి నింపమను. వెబ్‌సైట్లు జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, పెద్ద లోపాలు చాలావరకు బయటపడటానికి ఐదుగురు చాలని. కష్టమైన పనల్లా నువ్వు నోరెత్తకుండా కూర్చోవడం. "అది నొక్కండి" అన్నావో, ఆ పరీక్ష పోయినట్టే.

రుషికొండ డెవలపర్:
థాంక్యూ అన్నా. దరఖాస్తు అందినట్టు వెళ్లే ఎస్సెమ్మెస్ కూడా తెలుగులో పెట్టాం. ఖర్చెక్కువైందని ఆఫీసువాళ్లు గోల చేస్తున్నారు.

మర్రిపాలెం డిజైనర్:
ఎందుకవదు? ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగుకి 70. దాటితే 67 అక్షరాలకొకటి చొప్పున ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకీ ఒక మెసేజ్ డబ్బు పడుతుంది. పైగా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. "దరఖాస్తు" కంటికి 4 అక్షరాలే, ఫోను లెక్కలో 8. మర్యాద వాక్యాలన్నీ తీసెయ్. దరఖాస్తు నంబరు, ఎన్ని రోజుల్లో వస్తారు, అంతే ఉంచు. మార్చిన మెసేజ్‌ని డీఎల్‌టీలో, అంటే కంపెనీలు పంపే మెసేజ్‌ల నమూనాలు ముందే నమోదు చేయించే టెలికాం పోర్టల్లో, మళ్లీ రిజిస్టర్ చేయించాలని మాత్రం మర్చిపోకు, లేకపోతే అసలు వెళ్లదు.

సీతమ్మధార సిటిజన్:
నంబరు ఇచ్చాక రసీదు ఫోటో కూడా ఎందుకండీ? ఆ రికార్డు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది కదా. నంబరు కొట్టగానే యజమాని పేరు, అడ్రస్ చూపించేస్తే పోలా?

మర్రిపాలెం డిజైనర్:
పేరు పూర్తిగా చూపించకూడదు. అలా చేస్తే ఎవరి నంబరు కొట్టినా వాళ్ల వివరాలు బయటపడతాయి. మొదటి రెండక్షరాలు, డోర్ నంబరులో కొంత చూపించి "ఇది మీ ఇల్లేనా" అని అడిగితే చాలు. ఫోటో తీసెయ్యడం మాత్రం మంచి మాటే.

రుషికొండ డెవలపర్:
ఫోటో ఉండాల్సిందే అని ఆఫీసరు పట్టుబడుతున్నారు.

గాజువాక వార్డు ఉద్యోగిని:
అయితే దరఖాస్తు చేరాక ఆ ఫోటో తెరిచి చూసేది ఎవరో కనుక్కోండి. అది చేసేది సెక్షన్‌లో ఉండే క్లర్కు, ఆఫీసరు కాదు. ఓ పూట ఆయన పక్కన కూర్చుని చూడండి. ఆయన ఫోటోలు తెరవకుండానే కానిచ్చేస్తుంటే, ఆ మాట ఆయన చేతే నోట్‌ఫైల్లో రాయించి పైకి పంపండి. మీరు నోటితో చెబితే మాత్రం ఎవరూ వినరు.