తెల్ల నంబరు ప్లేటు కారు అద్దెకు తీసుకున్నాక సొట్ట పడితే ఖర్చు ఎవరిది?

దేవరకొండ_పంతులు

పోయిన నెల అమ్మానాన్నలను, అక్క పిల్లలను శ్రీశైలం తీసుకువెళదామని నల్లగొండలో ఒకాయన దగ్గర తెల్ల ప్లేటున్న, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకున్నాను. రోజుకు 3,000 రూపాయలు, డీజిల్ నాది, నడిపేదీ నేనే. నా బైకు, ఒరిజినల్ ఆధార్ కార్డు, సంతకం చేసిన వంద రూపాయల స్టాంపు కాగితం ఆయన దగ్గర పెట్టాను. "ఇన్సూరెన్సు ఉందా అన్నా?" అని అడిగితే "ఫుల్ ఇన్సూరెన్సు, మార్చి దాకా ఉంది" అని వాట్సాప్‌లో ఫొటో పంపారు. తేదీ చూసి సరే అనుకున్నాను.

రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారని వచ్చేటప్పుడు పెందలాడే బయలుదేరాం. మన్ననూరు దాటాం, డిండి దాటాం. దేవరకొండ రోడ్డులో సగం తారు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. కుప్ప మీద నల్ల పరదా, పరదా అంచున రాళ్లు. ఎదురు లారీ దీపాలు కళ్లలో పడ్డాయి. రాయి కనిపించేసరికి ఎడమ చక్రం దాని మీదికి ఎక్కేసింది. బంపర్ కింది సగం ఊడింది, హెడ్‌లైటు పగిలింది, రేడియేటర్ నుంచి పచ్చటి నీళ్లు కారి వడ్లలోకి పారాయి. "ఎవరి కష్టమో" అంటూ మా అమ్మ ముందు ఆ వడ్లనే చేత్తో పక్కకు తీసింది. మాకెవరికీ దెబ్బ తగలలేదు.

ఇప్పుడు యజమాని లెక్క ఇది: మరమ్మతుకు 46,000, కారు ఆరు రోజులు ఆగినందుకు 18,000, మొత్తం 64,000. ఇన్సూరెన్సులో పెట్టమంటే "అద్దెకిచ్చిన కారుకు క్లెయిమ్ రాదు" అంటున్నారు. రాయి ఎక్కించింది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్సూరెన్సు ఉందని నమ్మించి, ఇప్పుడు మొత్తం నా నెత్తిన వేయడం న్యాయమేనా?

జడ్చర్ల_కార్ల_యజమాని

పంతులు గారూ, ఇది నాకూ ఉన్న వ్యాపారమే కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. నాకు మూడు కార్లు, రెండింటికి ఇంకా కిస్తీలు కడుతున్నాను. కారు మీ చేతిలో ఉన్నప్పుడు దెబ్బ తగిలితే అది మీదే. స్టాంపు కాగితంలో రాసి ఉంటుంది, మీరు సంతకం చేశారు. ఆగిన ఆరు రోజులూ ఆయనకు కిస్తీ ఆగలేదు కదా.

తెల్ల ప్లేటుతో ఎందుకు నడుపుతున్నారని అడుగుతారు. సొంతంగా నడుపుకునే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. అలా అద్దెకిచ్చే లైసెన్సు 1989 నాటి పథకం కింద ఇస్తారు, దానికి కనీసం 50 కార్లు చూపించాలి. మా పాలమూరు జిల్లాలో యాభై కార్లు ఎవరికున్నాయి? అద్దె బైకులకైతే 1997 పథకంలో ఐదు బండ్లు చాలన్నారు. కార్ల దగ్గరికి వచ్చేసరికి చిన్నవాడికి దారే లేదు. పెద్ద కంపెనీలు హైదరాబాద్‌లో ఉంటాయి. దేవరకొండలో పెళ్లికి, దవాఖానకు కారు కావాలంటే మావంటి వాళ్లే ఇవ్వాలి.

పాలమూరు_పసుపు_ప్లేటు

దారి లేకపోతే మా పొట్ట కొట్టడమే దారా అన్నా? నేను పద్దెనిమిదేళ్లుగా టాక్సీ నడుపుతున్నాను. పర్మిట్టు, ఫిట్‌నెస్, పన్ను, టాక్సీ రకం ఇన్సూరెన్సు అన్నీ కట్టి మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర నిలబడతాను. తెల్ల ప్లేటు కారు నాకంటే వెయ్యి తక్కువకు ఎలా వస్తుంది? నేను కట్టేవి ఆయన కట్టడు కాబట్టి. ఆ మిగిలిన వెయ్యే పంతులు గారి మీద 64,000గా వచ్చి పడింది. రాళ్లు ఎక్కించింది నేనైతే ఆయన జేబులోంచి ఒక్క రూపాయి పోయేది కాదు.

మిర్యాలగూడ_సర్వేయర్

ఇన్సూరెన్సు క్లెయిముల్లో బండి నష్టం లెక్కగట్టే సర్వేయరుగా ఇరవై ఆరేళ్లు చేసి రిటైరైనవాడిని. పంతులు గారూ, మీరు ఫొటోలో తేదీ ఒక్కటే చూశారు. అసలు చూడాల్సింది రెండు చోట్ల ఉంటుంది. పైన పాలసీ పేరు 'ప్రైవేట్ కార్' అని ఉందా, ప్రయాణికులను మోసే వాణిజ్య వాహనమని ఉందా? రెండోది వాడకం పరిమితులు. ప్రైవేట్ కారు పాలసీలో అక్కడ సన్న అక్షరాలతో 'హైర్ ఆర్ రివార్డ్' అన్న మాట ఉంటుంది, అంటే కిరాయికి ఇస్తే ఈ పాలసీ వర్తించదని. కాగితం మార్చి దాకా చెల్లుతుంది, మీ ప్రయాణానికి మాత్రం ఆ రోజు కూడా చెల్లలేదు.

యజమాని గారికి ఒక మాట. 'అద్దెకు క్లెయిమ్ రాదు' అన్నది పూర్తి నిజం కాదు. తెల్ల కారును కిరాయికిచ్చారని కంపెనీ క్లెయిమ్ మొత్తాన్ని తిరస్కరించిన అమలేందు సాహూ కేసులో, అలా పూర్తిగా కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత తగ్గించి తేల్చాలంది. ఆ పద్ధతిలో 75 శాతం వరకు వచ్చే అవకాశం ఉంది. కానీ కంపెనీ తనంతట ఇవ్వదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. వెళ్లే హక్కు పాలసీదారుడిది, అద్దెకు తీసుకున్నవారిది కాదు. అంటే ఉన్న ఒక్క తలుపూ ఆయన చేతిలో ఉంది, ఆయన తట్టనంటున్నారు.

నల్లగొండ_వాసి

ఇంత లాగడం ఎందుకు? 'స్నేహితుడు అడిగితే ఊరికే ఇచ్చాను' అని రాసి క్లెయిమ్ పెడితే వచ్చేస్తుంది. అందరూ చేసేది అదే. సొంత కారును లైసెన్సు ఉన్న స్నేహితుడికి ఇస్తే పాలసీ వర్తిస్తుంది కదా.

మిర్యాలగూడ_సర్వేయర్

స్నేహితుడికి ఊరికే ఇస్తే వర్తిస్తుంది, నిజమే. ఊరికే ఇచ్చారా? 6,000 ఫోన్‌పే చేసిన చరిత్ర ఇద్దరి ఫోన్లలో ఉంది. నా సర్వీసులో ఇలాంటి వాంగ్మూలాలు వందల కొద్దీ చదివాను. సర్వేయరు అడిగే మూడో ప్రశ్నకే స్నేహితుడి ఇంటిపేరు తెలియక నీళ్లు నమిలేవారు. అబద్ధం మీద పెట్టిన క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి ఇక వేరే కారణం అక్కరలేదు.

అసలు నాకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. కోతల కాలంలో వడ్ల కుప్పల పక్కన రైతులు కాపలా పడుకుంటారు. పంతులు గారి చక్రం రాయి ఎక్కిన చోట ఒక మనిషి ఉంటే? ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో నడిపినవారు, యజమాని, కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు. పర్మిట్టు లేని బండిని కిరాయికి వాడారని కంపెనీ వాదిస్తుంది. మోటారు వాహనాల చట్టం ఆ వాదనకు చోటిచ్చింది, ఇప్పుడది 150వ సెక్షన్‌లో ఉంది. బాధితుడికి ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఆ వసూలు లక్షల్లో ఉంటుంది. జడ్చర్ల తమ్ముడూ, కిస్తీలున్న నీ రెండు కార్లూ అమ్మినా తీరదు.

వనపర్తి_అక్కయ్య

మా తమ్ముడు కర్నూలు పోవడానికి కారు తీసుకుంటే నేను బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూశాను. ఇన్సూరెన్సు అయిపోయి అప్పటికే తొమ్మిది రోజులు. వాళ్లు పంపిన ఫొటో పోయిన ఏడాది పాలసీది. ఇన్సూరెన్సు లేని బండి నడిపితే శిక్ష యజమానికే కాదు, నడిపినవారికి కూడా. 2019 సవరణ తర్వాత చట్టంలో మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు అని ఉంది. ఇంకొకటి, దారిలో పోలీసులకు చూపించడానికి డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న పత్రం చెల్లుతుంది. వాట్సాప్ ఫొటోకు ఆ విలువ లేదు.

జడ్చర్ల_కార్ల_యజమాని

సర్వేయర్ గారూ, మీరు చెప్పినవి కాదనను. కానీ ఇన్సూరెన్సు సరైనదే ఉన్నా పూర్తిగా ఇస్తుందా? ప్లాస్టిక్‌లో సగం కోస్తారు, తరుగుదల అంటారు, క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఆ నష్టం ఎవరు భరించాలి? నేనా?

మిర్యాలగూడ_సర్వేయర్

సరైన ప్రశ్న అడిగావు. ఇవ్వనిది పంతులు గారే భరించాలి. ఇవ్వాల్సింది మాత్రం ఆయన మీద వేయకూడదు. పంతులు గారూ, షెడ్డు బిల్లు పూర్తిగా ఇక్కడ పెట్టండి.

దేవరకొండ_పంతులు

బంపర్, గ్రిల్, హెడ్‌లైటు కలిపి 22,000. రేడియేటర్, కండెన్సర్ 14,000. కూలి 10,000. కారు కొని నాలుగున్నరేళ్లు, ఇంజను 1,500 సీసీ లోపే. నేనే షెడ్డుకు వెళ్లి అడిగాను. సామాను మూడో రోజు సాయంత్రం వచ్చిందట, నాలుగో రోజుకు బండి తయారైంది. మిగిలిన రెండు రోజులు యజమాని తీసుకుపోలేదు.

మిర్యాలగూడ_సర్వేయర్

తరుగుదల కోయకుండా పూర్తిగా ఇచ్చే రకం కాదు, మామూలు పాలసీ అనుకుందాం. ప్లాస్టిక్‌కు 50 శాతం కోత, 22,000లో కంపెనీ ఇచ్చేది 11,000. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు కారుకు లోహపు భాగాల మీద 35 శాతం కోత, 14,000లో 9,100 వస్తుంది. కూలి 10,000. మొత్తం 30,100, అందులో ఈ సీసీ కారుకు ప్రతి క్లెయిమ్‌లో యజమాని భరించాల్సిన తప్పనిసరి కోత 1,000 తీస్తే 29,100. కారుకు తగిన పాలసీ ఉండి ఉంటే యజమాని చేతికి ఇంత వచ్చేది. మీరు భరించాల్సింది 16,900.

కారు ఆగిన రోజుల నష్టం ఏ పాలసీలోనూ మామూలుగా రాదు. అది మీదే, కానీ నాలుగు రోజులకే, అంటే 12,000. రెండూ కలిపి 28,900 ఇవ్వడం న్యాయం. మిగతాది 'ఫుల్ ఇన్సూరెన్సు' అన్న మాట చెప్పి బేరం కుదుర్చుకున్నవారిది. ఆ మాట లేకుండా ఆయన కారు మీరు తీసుకునేవారా?

జడ్చర్ల_కార్ల_యజమాని

రోజుల లెక్క ఒప్పుకుంటాను. బిల్లులో యజమాని 29,100 పెట్టుకోవాలంటే మాత్రం నేను ఒప్పుకోను. అది మూడు వేల అద్దెకు పది రోజుల సంపాదన. రాయి ఎక్కించిన మనిషి కంటే కారిచ్చిన మనిషికి ఎక్కువ శిక్ష పడుతోంది.

పాలమూరు_పసుపు_ప్లేటు

అన్నా, నేను టాక్సీ పాలసీకి ఏటా కట్టే డబ్బు ఆ 29,100 కోసమే. నువ్వు ఆ డబ్బు ఏటా మిగుల్చుకుంటున్నావు.

దేవరకొండ_పంతులు

నిన్న మా బంధువుల్లో పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లాను. సర్వేయర్ గారి లెక్క కాగితం మీద రాసుకుని పోయాను. యజమాని మొదట చూడనన్నారు. ఒప్పందం కుదరకపోతే నల్లగొండ వినియోగదారుల కమిషన్‌లో వేస్తాననీ, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా ఉండదనీ చెప్పాను. అప్పుడు కూర్చున్నారు. చివరికి 35,000 దగ్గర తెగింది. న్యాయమైన దానికంటే 6,100 ఎక్కువ ఇచ్చానని నాకు తెలుసు, బైకు లేకుండా బడికి బస్సులో తిరగడం ఇక నా వల్ల కాలేదు. డబ్బు అందినట్టు రసీదు రాయించుకున్నాను. ఆధార్, బైకు తాళాలు ఇచ్చారు. స్టాంపు కాగితం నా ముందే చింపమంటే చింపారు.

వచ్చేటప్పుడు వడ్లు పాడైన రైతు ఇంటికి వెళ్లి రెండు బస్తాల ధర ఇచ్చాను. తీసుకోనన్నాడు, అమ్మ పట్టుబట్టి ఇప్పించింది. ఇప్పుడు పరదా అంచున రాళ్లు తీసేసి, మెరిసే పట్టీ అంటించిన తెల్ల సంచుల్లో ఇసుక నింపి పెట్టాడు.

జడ్చర్ల_కార్ల_యజమాని

సర్వేయర్ గారూ, ఒక కారునైనా పసుపు ప్లేటుకు మార్చి, డ్రైవరును పెట్టి తిప్పుదామనుకుంటున్నాను. నాలుగేళ్ల పాత బండికి టాక్సీ పాలసీ ఎంతవుతుందో లెక్క వేసి చెబుతారా?

మిర్యాలగూడ_సర్వేయర్

ఆర్‌సీ, పాత పాలసీ రెండూ పంపు తమ్ముడూ. రేపు పొద్దున చూసి చెబుతాను.