బియ్యం సంచి బిగుసుకోలేదు, ఆక్సిజన్ అబ్జార్బర్ పని చేయనట్టేనా?

నిల్వగది
8 లీటర్లు పట్టే మైలార్ సంచిలో (గాలి దూరని, వెండిరంగు ప్లాస్టిక్ సంచి) 5 కేజీల తెల్ల బియ్యం పోసి, 500 సీసీ (మిల్లీలీటర్ల) అబ్జార్బర్, అంటే ఆక్సిజన్‌ను పీల్చే చిన్న ప్యాకెట్, ఒకటి వేసి ఇస్త్రీపెట్టెతో మూతి అతికించాను. మూడు రోజులైనా సంచి మెత్తగానే ఉంది. అదే ప్యాక్‌లోని ఇంకో అబ్జార్బర్ వేసిన గాజు సీసా మూత మాత్రం లోపలికి లాక్కుపోయింది. లోపం ఎక్కడ? మిగిలిన అబ్జార్బర్లు జిప్ కవర్లో పెట్టాను. పంచదార, ముడిబియ్యం కూడా ఇలాగే దాచొచ్చా?

గింజలెక్క
సీసా మూత లాగిందంటే అబ్జార్బర్లు మంచివేనండీ. తప్పింది లెక్క. ప్యాకెట్ మీద ఉండే సీసీ అంకె అది పీల్చగల ఆక్సిజన్‌ది, మొత్తం గాలిది కాదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం.

బియ్యం బరువును కేజీల్లో తీసుకుని 1.4తో భాగించండి. గింజలు ఆక్రమించే చోటు లీటర్లలో వస్తుంది. 5 కేజీలకు 3.6. సంచి 8 లీటర్లలోంచి అది తీసేస్తే గాలి 4.4 లీటర్లు, అందులో ఆక్సిజన్ 920 సీసీ పైచిలుకు. మీరు వేసింది 500. అది పీల్చగలిగినంతా పీల్చేసినా ఇంకా 400 సీసీకి పైగా మిగిలింది, అంటే లోపలి గాలిలో పదో వంతు ఇప్పటికీ ఆక్సిజనే. పురుగుకు అది పుష్కలం. ఆక్సిజన్ ఒక శాతం లోపుకి దిగితేనే పురుగు చస్తుంది. గుడ్లు, లార్వాలు కూడా పోవాలంటే ఆ స్థితి రెండు వారాలైనా ఉండాలి.

సంచి కోసి, 1000 సీసీ కొత్తది వేసి మళ్లీ సీల్ చేయండి. పాతది చెత్తలో పడేయండి. మూతి మూసేముందు పైన ఉన్న ఖాళీ గాలిని చేత్తో నొక్కి వదిలేస్తే అబ్జార్బర్ మీద భారం బాగా తగ్గుతుంది.

ఇంకో మాట. 1000 సీసీ వేసినా సంచి రాయిలా బిగుస్తుందని అనుకోకండి. నైట్రోజన్ లోపలే ఉంటుంది, పోయేది ఐదో వంతు గాలి మాత్రమే. సంచి బిగువు చూసి పని అయిందో లేదో తేల్చకూడదు.

మూతిపట్టి
లెక్క సరిపోయినా సీల్ కారితే అంతా వృథా. ఎక్కువగా కారేది మూతి లోపలి వైపు బియ్యపు పిండి అంటుకున్న చోట. కంటికి కనబడదు, వేలితో రాస్తే తెల్లగా అంటుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కింద చదునైన చెక్క పెట్టి, ఆవిరి ఆపేసిన ఇస్త్రీపెట్టెతో అంగుళం వెడల్పు పట్టీ అతికించండి. ముందు రెండు వేళ్లు పట్టేంత సందు వదిలి, గాలి నొక్కేసి, ఆ సందు ఆఖర్న మూయండి. చల్లారాక సంచిని నీళ్లలో ముంచి నొక్కితే, కారే చోట బుడగలు వస్తాయి. పైన తడి తుడిచేయడం మరవొద్దు.

మిగిలిన అబ్జార్బర్లకు జిప్ కవర్ వద్దండీ, ఆ ప్లాస్టిక్ గుండా ఆక్సిజన్ మెల్లగా దూరుతుంది. చిన్న గాజు సీసాలో నిండా కుక్కి బిగించండి. ప్యాక్ విప్పాక పావుగంట, ఇరవై నిమిషాల్లో పని ముగించాలి కాబట్టి సంచులన్నీ నింపి, ఆ తర్వాతే ప్యాక్ కత్తిరించాలి. చేత్తో నలిపితే పొడిపొడిగా జారే అబ్జార్బర్ పనికొస్తుంది. బిళ్లలా గట్టిపడిందంటే లోపలి ఇనుప పొడి తుప్పుపట్టి అయిపోయినట్టే. ప్యాక్‌లో వచ్చే గులాబీ రంగు బిళ్ల, విప్పాక నీలంగా మారడం మామూలే. విప్పకముందే నీలంగా ఉంటే ఆ ప్యాక్ తీసుకోవద్దు.

తేమగీత
పంచదారకు, ఉప్పుకు అబ్జార్బర్ అసలు వేయొద్దు, రాయిలా గడ్డకడతాయి. గాలి, తేమ తగలని డబ్బా చాలు. ముడిబియ్యం తవుడులో నూనె ఉంటుంది. ఆక్సిజన్ తీసేసినా ఏళ్ల తరబడి దాచే సరుకు కాదది.

నాకు అన్నిటికంటే భయం తేమ గురించి. గింజలో తేమ 10 శాతం మించకూడదు. పూర్తిగా ఎండని కూరగాయ ముక్కలు, మెత్తటి ఎండు పండ్లు, మాంసం ఇలా దాచితే బొటులిజం (ప్రాణం తీయగల ఆహార విషప్రభావం) కలిగించే బ్యాక్టీరియాకు మనమే చోటు ఇచ్చినట్టు. అది ఆక్సిజన్ లేనిచోటే పెరుగుతుంది, దాని విషం రంగులోనూ వాసనలోనూ తెలియకపోవచ్చు. పొడి ఉప్పుతో కలిపి సీసాలో ఊపే పరీక్షను నమ్ముకోవద్దు. ఉప్పు గోడకు అంటితే తేమ బాగా ఎక్కువని తెలుస్తుంది గానీ, అంటనంత మాత్రాన 10 శాతం లోపు ఉన్నట్టు కాదు. తేమ మీటర్‌తోనే చూడండి.

నిల్వగది
1000 సీసీ వేసి మళ్లీ అతికిస్తాను. తోడుగా తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్ వేయొచ్చా?

గింజలెక్క
బియ్యం ఎండి ఉంటే అవసరం లేదు. వేయాలనుకుంటే అది అడుగున, అబ్జార్బర్ పైన పెట్టండి. ఇనుము తుప్పుపట్టడానికి కాస్త తేమ కావాలి, పక్కనే సిలికా జెల్ ఉంటే ఆ తేమను లాగేసి అబ్జార్బర్ పనిని మందగింపజేస్తుంది.