రాయి పేరు చెబితే మార్కులా, ఎలా పోల్చుకున్నారో చెబితే మార్కులా?

కోడూరు సైన్స్ మాస్టారు

మా బడిలో తొమ్మిదో తరగతికి ఖనిజాలు గుర్తుపట్టే ప్రాక్టికల్ పెట్టాం. బల్ల మీద ఆరు రాళ్లు, పక్కన ఇనుప మేకు, గాజు ముక్క, పాత టైలు ముక్క, అయస్కాంతం, కొంచెం వెనిగర్.

ఒకమ్మాయి రెండో రాయి దగ్గర చాలాసేపు నిలబడింది. నల్లగా, ఉక్కులా మెరిసే రాయి. టైలు వెనకవైపు గరుకు భాగం మీద గీసింది. గీత ఎర్రగా, గడపకు పూసే జాజు రంగులో పడింది. నమ్మకం కుదరక ఇంకో చోట గీసింది. మళ్లీ ఎరుపే. అయస్కాంతం ఆనించింది, అంటలేదు. ఇదంతా కాగితం మీద శుభ్రంగా రాసి, చివర పేరు దగ్గర ‘మాగ్నటైట్’ అని రాసింది. అది హెమటైట్. రెండూ ఇనుప ఖనిజాలే గానీ, వేర్వేరు.

పక్క కుర్రాడు ఒక్క రాయిని కూడా ముట్టుకోలేదు. పెట్టెలో ఏ గడిలో ఏ రాయి ఉంటుందో కంఠతా పట్టాడు. ఆరు పేర్లూ కరెక్ట్.

పేరు తప్పు రాసిందని అమ్మాయికి సున్నా, కుర్రాడికి పూర్తి మార్కులు పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్కులు పరీక్ష చేసిన తీరుకే ఇవ్వాలి, పేరుకు అసలు ఇవ్వకపోయినా ఫర్వాలేదు అని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత గనుల మనిషి

మాస్టారూ, ఆ పిల్లకు సున్నా వేయడం అన్యాయమే. కానీ పేరుకు మార్కులే వద్దంటే నేను ఒప్పుకోను.

ఆ అమ్మాయి రాసింది మళ్లీ చదవండి. అయస్కాంతానికి అంటలేదని తనే రాసింది. మాగ్నటైట్ అయితే ఠక్కున అంటుకుంటుంది, దాని గీత నల్లగా పడుతుంది. అంటే కళ్లతో చూసింది గానీ, చూసినదాన్ని పేరు దాకా తీసుకెళ్లలేదు. అసలు పని అక్కడే ఉంది. నేను ముప్పై ఏళ్లు రాళ్ల మధ్య బతికాను. పరీక్షలన్నీ బాగా చేసి, చివరికి ఇది ఏమిటో చెప్పలేని రిపోర్టు ఎవరికీ పనికిరాదు.

రెండో సంగతి. పిల్లలకు పేరు కావాలి. వాగులో దొరికిన రాయి తెచ్చి ‘ఇదేంటి సార్’ అని అడిగే పిల్లవాడికి ‘దీని కాఠిన్యం, అంటే గీతకు లొంగని గట్టితనం, పదికి ఏడు’ అంటే ఏం తృప్తి? పలుగురాయి అని చెప్పాలి. ఆ తర్వాత ఎలా తెలిసిందో చూపించాలి.

మానుకోట టీచరమ్మ

నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది. కానీ పరీక్షే తప్పుగా చేయిస్తే మార్కులు దేనికిచ్చినా ఒకటే కదండీ. మా పిల్లలు చేసిన రెండు పొరపాట్లు చెప్తాను. మొదట్లో నేనూ వాటిని పట్టుకోలేకపోయాను.

మొదటిది గీత పరీక్ష, అంటే గీసినప్పుడు రాలే రాయి పొడి రంగు చూడటం. పలుగురాయిని టైలు మీద గీస్తే తెల్లటి పొడి రాలింది. ‘పొడి రంగు తెలుపు’ అని అందరూ రాశారు. పలుగురాయి కాఠిన్యం 7, టైలు దానికంటే మెత్తన. రాలింది రాయి పొడి కాదు, టైలు పొడి.

రెండోది గాజు పరీక్ష, అంటే రాయి గాజును గీయగలదా అని చూడటం. మెత్తటి రాయిని గాజు మీద గట్టిగా రుద్దినా తెల్ల చార కనిపిస్తుంది. పిల్లలు దాన్ని గీత అనుకుంటారు. ఇప్పుడు ఒకటే చెప్తున్నాను: వేలు తడి చేసి తుడవండి. పోతే అది రాయి పొడి, పోకపోతే గాజు మీద పడ్డ గాటు. ఇంత చిన్న విషయం మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. నలభై మంది పిల్లలు, ఒక్క పెట్టె. ఇది కూడా ఆలోచించండి.

ఒక తండ్రి

మా అబ్బాయి వచ్చే ఏడాది పదో తరగతి. ఇప్పటికే ఇంట్లో టెన్షన్. ఫోటో తీస్తే ఫోనే రాయి పేరు చెప్పేస్తోంది. మోస్ అనే ఆయన 1812లో పెట్టిన కాఠిన్యం వరసను మేకుతో గీకుతూ నేర్చుకోవడానికి ఇన్ని పీరియడ్లు కావాలా? తప్పుగా అనుకోకండి, నిజంగానే అడుగుతున్నాను.

కోడూరు సైన్స్ మాస్టారు

అడగాల్సిన ప్రశ్నే అండీ. మా పక్కనే ఉన్న రాయితో చెప్తాను.

మంగంపేట ముగ్గురాయి మా కోడూరుకు దగ్గరే. బైరైటీస్ అంటారు. లారీలు మా రోడ్డు మీదుగానే పోతాయి. ముగ్గురాయి ముక్కనూ, సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అనే ఖనిజం ముక్కనూ పక్కపక్కన పెట్టాను. రెండూ తెలుపు, బూడిద రంగు కలిసినట్టుంటాయి. రెండింటి మీదా మేకు గీత పడుతుంది. ఫోటోలో తేడా తెలియదు. చేతిలోకి తీసుకున్న పిల్లలు మాత్రం ముగ్గురాయి దగ్గర ‘అబ్బో, ఇంత బరువా!’ అంటారు. ఆ బరువు ఫోనుకు తెలియదు కదా.

అక్కడితో ఆపలేదు. దారం కట్టి స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీశాం. గాలిలో 90 గ్రాములు. నీళ్లలో ముంచితే 70 చూపించింది. తగ్గింది 20. తొంభైని ఇరవైతో భాగిస్తే 4.5, అంటే అంతే పరిమాణం నీళ్లకంటే నాలుగున్నర రెట్లు బరువు. అదే పద్ధతిలో కాల్సైట్‌కు 2.7 దగ్గరగా వచ్చింది. తర్వాత రెండింటినీ కొంచెం గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేశాం. కాల్సైట్ పొడి బుసబుస పొంగింది, ముగ్గురాయి కదల్లేదు. ఆర్కిమెడిస్ సూత్రం, ఆమ్లాల పాఠం రెండూ ఈ ఒక్క పీరియడ్‌లో వచ్చేశాయి. ఇవి పదో తరగతికి అడ్డు కాదు, సాయమే.

గనుల పెద్దాయనా, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ అమ్మాయి కాగితం మళ్లీ తీసి చదివాను. మీరన్నది నిజం, తను రాసిన దానికీ పెట్టిన పేరుకూ పొత్తు లేదు. పేరుకు మార్కులు వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పదిలో ఆరు పరీక్షలకు, రెండు ‘ఏ గుణం చూసి ఈ పేరు పెట్టావు’ అన్న ఒక్క వాక్యానికి, రెండు పేరుకు. రాళ్ల వరస మాత్రం ప్రతిసారీ మారుస్తాను. పెట్టెలోవి కాకుండా బయటి ముక్కలు కూడా కలుపుతాను.

పాత గనుల మనిషి

ఆరు, రెండు, రెండు బాగుంది. ఆ వాక్యానికి ఇంకో మార్కు ఎక్కువ ఇచ్చినా నాకు సంతోషమే.

బయటి ముక్కలంటున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. రోడ్డు పక్కన దొరికేవి చాలావరకు శిలలు, ఒక్క ఖనిజం కావు. గ్రానైట్ ముక్క ఇస్తే ‘ఇది ఏ ఖనిజం’ అని అడగకండి, ‘ఇందులో ఎన్ని రకాల గింజలున్నాయి’ అని అడగండి. గులాబీ రంగులో చదునుగా విరిగి మెరిసేది ఫెల్‌స్పార్, గాజు పెంకులా ఉన్నది పలుగురాయి, గోటితో పొరలు లేచే నల్లది అభ్రకం. అయితే వంటింటి గట్టు మీది నల్ల గ్రానైట్ తేవద్దు. చీమకుర్తి నల్లరాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, అది వేరే జాతి రాయి, పిల్లలు తికమకపడతారు.

రాతినార (ఆస్బెస్టాస్) ముక్కలు మాత్రం ఎంత అందంగా ఉన్నా బడికి తేకండి. పులివెందుల వైపు ఒకప్పుడు తవ్వారు, ఇప్పటికీ కొన్ని పాత పెట్టెల్లో ఆ నమూనా ఉంటుంది. ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. గలీనా సీసం రాయి, ముట్టుకున్నాక చేతులు కడిగించండి. రాయిని నాలుకతో రుచి చూడటం ఎవరికీ నేర్పకండి.

మానుకోట టీచరమ్మ

మా పెట్టెలో పీచు పీచుగా ఉన్న రాయి ఒకటుంది, లేబుల్ ఊడిపోయింది. రేపే కవర్లో మూసి పక్కన పెట్టేస్తాను.

మాస్టారూ, మాకు ముగ్గురాయి లేదు. గుప్పెడంత ముక్కలు ఓ ఎనిమిది పంపగలరా? ఐదుగురికి ఒక ముక్క వస్తుంది. బదులుగా బయ్యారం ఇనుపరాయి పంపిస్తాను, గీస్తే మీ అమ్మాయి చూసిన ఆ ఎరుపే పడుతుంది.

కోడూరు సైన్స్ మాస్టారు

తప్పకుండా అమ్మా, ఈ శనివారం బస్సు పార్సిల్లో వేస్తాను. మీ ఇనుపరాయి వచ్చిన రోజు ఆ అమ్మాయికే ముందు ఇస్తాను, పేరు లేకుండా.