పరాభవలో పుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

ప్రశ్న (కోనసీమ కొబ్బరి):
ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణం. పంతులుగారు "శ్రీ పరాభవ నామ సంవత్సరే" అనగానే మా బావగారు మోచేత్తో పొడిచి, "నీ సంవత్సరం వచ్చిందయ్యా" అన్నారు. నేను 1966 కార్తీకంలో పుట్టాను. అరవై ఏళ్లకు ఆ పేరు మళ్లీ తిరిగొచ్చింది. మా అమ్మాయి షష్టిపూర్తి చేస్తానంటోంది, అదీ తనకు సెలవు దొరికే డిసెంబరు ఆఖరి ఆదివారం. అలా చేయవచ్చా? రెండోది అడగడానికి కాస్త సిగ్గుగా ఉంది. పరాభవమంటే అవమానం కదా. సంకల్పంలో ఆ పేరు వింటుంటే మీకెవరికీ గుచ్చుకోలేదా?

జవాబు (పంచాంగం పిచ్చి):
పుట్టిన మాసం, తిథి చూసుకోండి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి తర్వాతి పండుగలు ఆలస్యంగా వస్తాయి. దీపావళే నవంబరు 8న. కార్తీకం ఆ వెంటనే మొదలవుతుంది. డిసెంబరు ఆఖరుకు మార్గశిరం వచ్చేస్తుంది, పైగా ధనుర్మాసం. అమ్మాయిని సెలవు మార్చుకోమనండి.

జవాబు (వేపపువ్వు):
పేర్లను మరీ తేలిగ్గా తీసుకోకండి. 2020లో వచ్చింది శార్వరి, అంటే రాత్రి. ఆ ఉగాది నాడే లాక్‌డౌన్ మొదలైంది. మా వీధిలో పచ్చడి పంచుకోవడానికి తలుపు తీసినవాళ్లు లేరు.

కోనసీమ కొబ్బరి:
తిథికే ఖాయం చేశాం, అమ్మాయి అలిగింది. వేపపువ్వుగారూ, మరి 1996 సంగతి చెప్పండి. ఆ ఏడాది పేరు ధాత, అంటే సృష్టించేవాడు. ఆ నవంబరు 6 రాత్రి తుపాను మా దొడ్డిలో నలభై కొబ్బరి చెట్లను పడగొట్టింది. తెల్లవారాక నాన్న వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, పన్నెండు దగ్గర చెయ్యి దించేసి లోపలికి వెళ్లిపోయారు. నిలబడినవి మూడే. వాటిలో ఒకటి ఇప్పటికీ కాస్తోంది, షష్టిపూర్తి కలశం మీదికి దాని కాయే పెట్టాలని నా పట్టుదల.

ఇంతకీ ఇంటికొచ్చి లెక్క వేస్తే, మా బావగారు పుట్టింది దుర్ముఖిలో అని తేలింది. పీటల మీద కూర్చునే రోజుదాకా ఆగి చెబుతాను.