డెనిస్ నోటి పక్కన «గల్ప్»: తెలుగులో ఏం రాద్దాం?

అందరికీ నమస్కారం. పాత బ్రిటిష్ కామిక్స్‌లో పాత్రల నోటి పక్కన గల్ప్, సై (నిట్టూర్పు), సాబ్, గ్రోన్ అని చిన్న చిన్న మాటలు ఉండేవి, గుర్తున్నాయా? మా మనవడి కోసం బీనో అనే పిల్లల కామిక్ పత్రిక పేజీలు కొన్ని తెలుగులో రాస్తూ వాటి దగ్గరే ఆగిపోయాను.

డెబ్బైలలో నాన్నగారు స్కాట్లండ్‌లోని డండీలో డాక్టరు. డ్యాండీ (1937), బీనో (1938) రెండింటినీ వేసిన డి.సి. థామ్సన్ కంపెనీది ఆ ఊరే. వారం వారం కొత్త సంచిక కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. ఇంగ్లీషు నాకు బడికంటే ముందు ఆ బొమ్మల్లోని మాటల బుడగల్లోనే పట్టుబడింది.

ఇప్పుడు నా ముందున్న బొమ్మ ఇది. బీనోలోని అల్లరి పిల్లాడు డెనిస్ ఏదో పగలగొట్టాడు. గుమ్మంలో వాళ్ళ నాన్న, చేతిలో స్లిప్పరు. డెనిస్ కళ్ళు గుండ్రంగా తిరిగాయి, నోటి పక్కన ఒకే మాట: గల్ప్! ఇది తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు: మాస్టారూ, పేపర్లో వచ్చే తెల్ల జుట్టు డెనిసేనా ఇతను? అయితే గల్ప్ అనే ఉంచేయండి. ఈ కాలం పిల్లలకి అర్థమవుతుంది.

నా జవాబు: కాదండీ, ఆ డెనిస్ అమెరికావాడు. మావాడిది ముళ్ళలా నిక్కిన నల్ల జుట్టు, తర్వాత్తర్వాత ఎరుపూ నలుపూ చారల స్వెట్టరు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ 1951 మార్చిలోనే పుట్టారు, అదే విచిత్రం.

ఇక గల్ప్‌ని అలాగే ఉంచడానికి నాకు మనసొప్పడం లేదు. అది ఇంగ్లీషులో ఉత్త చప్పుడు కాదు, మింగడమనే క్రియ. సై, సాబ్ కూడా అంతే. ఆ భాషలో క్రియని విడిగా నిలబెడితే చప్పుడైపోతుంది. మనకి చప్పుళ్ళకేం తక్కువ లేదు గానీ, వాటికి దాదాపు ఎప్పుడూ ఒక తోక ఉంటుంది: గుటుక్కున మింగాడు, ఫక్కున నవ్వింది, ధడేలుమని పడ్డాడు.

ఒక వేసవిలో తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఇంగ్లీషు రాదు కాబట్టి బొమ్మలు చూపిస్తూ కథ నేనే చెప్పేవాణ్ణి. "వాడు గల్ప్ అంటున్నాడు అమ్మమ్మా" అంటే, "అనడమేమిట్రా, గుటకలు మింగుతున్నాడు పాపం" అనేది. సై దగ్గర "ఉస్సురన్నాడు", సాబ్ దగ్గర "వెక్కుతున్నాడు" అని తడుముకోకుండా అందించేది. డిక్షనరీ చూసి రాసిన నిట్టూర్పు కంటే ఆ ఉస్సురు ఎంత బావుందో చూడండి. బొమ్మలో వాడి భుజాలు జారిపోయినట్టే వినిపిస్తుంది.

జవాబు: అయితే ఆ తోక కోసేయండి. బొమ్మ ఉందిగా, క్రియ పని అదే చేస్తుంది. గుటుక్! చాలు. ఇంకో సందేహం: డెనిస్ కుక్క నాషర్ పేరుకి ఇంగ్లీషులో ముందు ఒక పలకని జీ అక్షరం ఉంటుంది కదా, దాన్నేం చేస్తారు?

నా జవాబు: తోక కోయడం భేషైన మాట. ధడేల్, టపీ, ఛళ్ ఇప్పటికే ఒంటరిగా నిలబడుతున్నాయి, గుటుక్ కూడా నిలబడుతుంది. ఉస్సురు... అని చుక్కలు పెడితే నిట్టూర్పూ కుదిరింది. గ్రోన్‌కి మాత్రం "మూలుగు" అని రాస్తే బొమ్మకి చీటీ అంటించినట్టుంది. అక్కడ "అమ్మా..." అనే రాస్తాను. దెబ్బ తగిలిన తెలుగువాడి నోట వచ్చేది అదే కదా.

నాషర్ 1968లో వచ్చింది. ఆ పేరుకి మూలం పళ్ళు పటపటా కొరకడం. ఆ కుక్క కథల్లో న-తో మొదలయ్యే మాటలకల్లా ముందు ఆ జీ తగిలించి ఆడుకుంటారు, పిల్ల కుక్క నిప్పర్‌కి కూడా. మన లిపిలో పలకని అక్షరం రాయం కాబట్టి ఆ ఆట పోతుంది.

జవాబు: ఎందుకు పోవాలి? విజ్ఞాన్, జ్ఞానేశ్వర్ లాంటి పేర్లలో జ్ఞ-ని ఇంగ్లీషులో మనం రాసేది ఆ జీ, ఎన్‌లతోనే. కుక్క పేరు జ్ఞాషర్ అనండి!

నా జవాబు: ఇది నాకు తట్టనే లేదు, చాలా సంతోషమండీ. పలుకుబడి మారినా కంటికి ఆ ఆట దక్కుతుంది. జ్ఞాషరే ఖాయం.

బుడగల్లో మిగిలిన మాట చార్టిల్. 1871లో ఆలిస్ కథల రచయిత లూయిస్ కారల్ పుట్టించిన మాట అది, లోలోపలి నవ్వునీ ముక్కుతో వచ్చే గురకనీ కలిపి. కొంటెపని పారినప్పుడు డెనిస్ నవ్వేది అలాగే. కిసుక్ అంటే ఆడపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది, పకపకా అంటే మరీ బాహాటం. సీమవాళ్ళూ, తెలంగాణవాళ్ళూ, ఉత్తరాంధ్రవాళ్ళూ, మీ ఇళ్ళల్లో ఆ ముక్కు నవ్వుకి మాటేదైనా ఉంటే రాయండి. ఆ బుడగ ఖాళీగా ఉంచాను.